సంపాదించని జీవిత భాగస్వామి పేరిట ఐఆర్ఏ: అమెరికాలోని తెలుగు దంపతులు జమ చేయడం ఎలా, పన్ను మినహాయింపు పొందడం ఎలా

హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చేది) ఉన్న ఇల్లాలికి జీతం లేదు కాబట్టి ఆమె పేరిట రిటైర్మెంట్ ఖాతా తెరవడం కుదరదని అమెరికాలోని తెలుగు ఇళ్లలో చాలామంది అనుకుంటారు. అలా అనుకుంటూనే పదేళ్లు, పదిహేనేళ్లు గడిచిపోతాయి. ఉద్యోగ సంస్థ నడిపే రిటైర్మెంట్ పథకమైన 401(కె)లో భర్త పేరిట లక్షల డాలర్లు పోగవుతాయి, భార్య పేరిట మాత్రం ఒక్క డాలరు కూడా ఉండదు. నిజానికి ఇంట్లో ఒక్కరే సంపాదిస్తున్నా ఇద్దరి పేర్లతోనూ విడివిడిగా ఐఆర్ఏ (వ్యక్తి తన పేరిట తానే తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) ఖాతాలు తెరిచి జమ చేసుకోవడానికి అమెరికా పన్ను చట్టం ఒప్పుకుంటుంది. అంతేకాదు, సంపాదించే వ్యక్తి ఐఆర్ఏకు మినహాయింపు దొరకని ఆదాయంలో కూడా సంపాదించని వ్యక్తి ఐఆర్ఏకు పూర్తి మినహాయింపు దొరికే సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక్కడ సౌలభ్యం కోసం 'భార్య' అని రాసినచోటల్లా సంపాదించని భాగస్వామి అని చదువుకోవాలి. భార్య ఉద్యోగం చేస్తూ భర్త హెచ్-4పై ఉన్న ఇళ్లకూ నియమం ఇదే.

ఈ వెసులుబాటు మొదటి నుంచీ ఇంత ఉదారంగా లేదు. 1996 వరకు సంపాదించే వ్యక్తి ఏడాదికి 2,000 డాలర్లు వేసుకోగలిగితే, ఇంటిపట్టున ఉండే భాగస్వామి కోసం అదనంగా వేయనిచ్చినది 250 డాలర్లే. టెక్సస్ సెనేటర్ కే బెయిలీ హచిసన్ చొరవతో 1996లో వచ్చిన చట్టం ఆ తేడాను తొలగించి, 1997 నుంచి ఇద్దరికీ ఒకే పరిమితిని వర్తింపజేసింది. 2013లో ఆ నిబంధనకు ఆమె పేరే పెట్టారు. ఇల్లు నడిపే మనిషి వృద్ధాప్యానికి 250 డాలర్లు చాలునన్న లెక్కను మార్చడానికి అంతకాలం పట్టింది. ఆ మార్పు వల్ల వచ్చిన హక్కును మనవాళ్లు తెలియక వదులుకోవడం బాధ కలిగించే విషయం.

భారతదేశంలో అలవాటైన లెక్కను ఇక్కడికి తెచ్చుకోకూడదు. అక్కడ భార్యాభర్తలు పన్ను విషయంలో ఎవరికి వారే. పాత పన్ను విధానంలో భర్త తన భార్య పీపీఎఫ్ ఖాతాలో వేసిన సొమ్మును తన 1.5 లక్షల రూపాయల 80సి పరిమితిలోనే చూపించుకోవాలి, ఆమె కోసం ప్రత్యేకంగా మరో పరిమితి ఉండదు. భర్త ఇచ్చిన సొమ్ముపై భార్యకు వచ్చే పన్ను వర్తించే ఆదాయాన్ని తిరిగి భర్త ఆదాయంలోనే కలుపుతారు. అమెరికాలో ఉమ్మడి రిటర్ను వేసే దంపతులకు అలాంటి కలుపుడు లెక్క లేదు. భర్త జీతంలోంచి భార్య ఐఆర్ఏకు వెళ్లిన సొమ్ము ఆమె పరిమితి కిందే లెక్కకు వస్తుంది, దానిమీద పెరిగినదంతా ఆమెదే.

జమ చేసే అర్హత వేరు, మినహాయింపు అర్హత వేరు

ఈ విషయంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా చూడడమే. భార్య పేరిట సొమ్ము వేయవచ్చా అన్నది మొదటి ప్రశ్న. వేసిన సొమ్మును ఆదాయంలోంచి తీసివేసి పన్ను లెక్క కట్టుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న. సాంప్రదాయ ఐఆర్ఏ (జమపై మినహాయింపు దొరికే, తీసేటప్పుడు పన్ను పడే ఖాతా) విషయంలో మొదటిదానికి ఆదాయపు గరిష్ఠ పరిమితి లేదు, రెండోదానికి ఉండవచ్చు. ఆదాయం ఎక్కువ కాబట్టి అసలు వేయకూడదేమోనని కొందరు ఆగిపోతారు. వేశాం కాబట్టి మినహాయింపు దానంతటదే వస్తుందని మరికొందరు రిటర్నులో రాసేస్తారు. రెండూ తప్పే.

మొదటి ప్రశ్నకు సమాధానం సులభం. దంపతులు ఆ సంవత్సరానికి ఉమ్మడి రిటర్ను వేయాలి. ఇద్దరి ఖాతాల్లో కలిపి వేసిన మొత్తం, ఇద్దరికీ కలిపి వచ్చిన పన్ను వర్తించే శ్రమార్జిత ఆదాయాన్ని మించకూడదు. 2025 సంవత్సరానికి ఒక్కొక్కరి పరిమితి 7,000 డాలర్లు, 50 ఏళ్లు నిండినవారికి 8,000. 2026కు అది 7,500 డాలర్లకు, 50 ఏళ్లు నిండినవారికి 8,600కు పెరిగింది. ఈ పరిమితి ఆ వ్యక్తి సాంప్రదాయ, రాత్ ఐఆర్ఏలు రెండింటికీ కలిపి వర్తిస్తుంది. రాత్ అంటే జమపై మినహాయింపు లేకపోయినా సాధారణంగా తీసేటప్పుడు పన్ను పడని ఐఆర్ఏ. వయసుకు పైమెట్టు లేదు. 70½ ఏళ్లు దాటినవారు సాంప్రదాయ ఐఆర్ఏలో వేయకూడదన్న పాత నియమాన్ని 2020 నుంచి తీసివేశారు.

శ్రమార్జిత ఆదాయం అంటే జీతం, బోనసు, స్వయం ఉపాధి లాభం వంటివి. ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభం, నిరుద్యోగ భృతి ఇందులోకి రావు. ఉద్యోగం పోయిన సంవత్సరంలో ఈ నియమం అడ్డం వస్తుంది. ఫిబ్రవరిలో ఉద్యోగం పోయి, ఏడాది మొత్తానికి భర్త డబ్ల్యూ-2 (ఉద్యోగ సంస్థ ఏటా ఇచ్చే జీతపు పత్రం) మొదటి గడిలో 9,000 డాలర్లే ఉంటే, షేర్లు అమ్మి ఎంత లాభం సంపాదించినా ఇద్దరి ఐఆర్ఏల్లో కలిపి 9,000 మించి వేయకూడదు. దాన్ని ఎలా పంచుకోవాలన్నది వాళ్ల ఇష్టం. ఎవరి ఖాతాలోనూ ఒక్కరి పరిమితి దాటకపోతే చాలు. భార్యకు హెచ్-4 ఇఏడీ (పని అనుమతి పత్రం) మీద చిన్న ఉద్యోగం ఉండి ఏడాదికి 5,000 డాలర్లే వచ్చినా, భర్త జీతం తోడుగా లెక్కకు వస్తుంది కాబట్టి ఆమె పూర్తి 7,500 వేసుకోవచ్చు.

ఉమ్మడి రిటర్ను అన్న షరతు వినడానికి చిన్నదిగా కనిపించినా కొత్తగా పెళ్లయినవారికి అదే పెద్ద చిక్కు. భర్త హెచ్-1బీపై పన్ను రీత్యా రెసిడెంటు అయి ఉండి, భార్య అక్టోబరులో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిందనుకుందాం. ఆ సంవత్సరానికి అమెరికాలో ఆమె ఉన్న రోజుల లెక్క, రెసిడెంటు కావడానికి కావలసిన 183కు చేరదు కాబట్టి ఆమె నాన్‌రెసిడెంటే. అయినా ఏడాది చివరి రోజుకు పెళ్లి అయి ఉండి, ఒకరు రెసిడెంటు అయితే, ఇద్దరూ సంతకం చేసిన ఒక ప్రకటనను రిటర్నుకు జతచేసి ఉమ్మడిగా వేయవచ్చు. దానికి మూల్యం ఉంది. అలా ఎంచుకున్నాక ఆమె ఏడాది పొడవునా రెసిడెంటుగానే లెక్క. జనవరి నుంచి సెప్టెంబరు దాకా భారతదేశంలో ఆమెకు వచ్చిన జీతం, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అన్నీ అమెరికా రిటర్నులో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు గానీ, లెక్క వేయకుండా సంతకం పెట్టకూడదు. ఎఫ్-1 విద్యార్థి వీసాపై మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాల్లో ఉండి ఓపీటీ (చదువుకు అనుబంధంగా చేసే ఉద్యోగ శిక్షణ) చేస్తున్నవారు సాధారణంగా నాన్‌రెసిడెంట్లు. భార్యాభర్తలిద్దరూ నాన్‌రెసిడెంట్లే అయితే ఉమ్మడి రిటర్ను లేదు, కాబట్టి ఈ మార్గమూ లేదు.

విడివిడిగా రిటర్నులు వేసే దంపతులు ఈ వెసులుబాటును పూర్తిగా కోల్పోతారు. డిసెంబరు 31 నాటికి విడాకులు మంజూరైనా అంతే. ఆ ఏడాది మాజీ భర్త జీతాన్ని ఆధారంగా చూపించి భార్య ఐఆర్ఏలో వేయడం కుదరదు.

ఖాతా తెరవడం

'స్పౌజల్ ఐఆర్ఏ' పేరుతో ప్రత్యేకమైన ఖాతా ఏ బ్రోకరేజీలోనూ కనిపించదు. అది నియమానికి ఉన్న పేరే తప్ప ఖాతాకు ఉన్న పేరు కాదు. భార్య తన పేరుతో, తన ఈమెయిలుతో, తన లాగిన్‌తో మామూలు సాంప్రదాయ ఐఆర్ఏనో, రాత్ ఐఆర్ఏనో తెరవాలి. ఐఆర్ఏలో ఉమ్మడి ఖాతా అనేదే లేదు. సొమ్ము మాత్రం దంపతుల ఉమ్మడి బ్యాంకు ఖాతా నుంచి రావచ్చు, భర్త ఒక్కడి ఖాతా నుంచి అయినా రావచ్చు. లాగిన్ వివరాలను భర్త దగ్గరే ఉంచుకొని అన్నీ తానే నడపడం మన ఇళ్లలో మామూలే. అది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. చట్టం ఆ సొమ్ముకు ఆమెనే యజమానిగా గుర్తించినప్పుడు అందులో ఎంత ఉంది, ఏ ఫండులో ఉంది, ఎలా తీయాలి అన్నవి ఆమెకు తెలిసి ఉండాలి.

ఖాతా తెరవడానికి పన్ను గుర్తింపు సంఖ్య కావాలి. ఇఏడీ ఉన్న హెచ్-4 భార్యకు ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ సంఖ్య) వస్తుంది. ఇఏడీ లేనివారికి ఐటిన్ (ఎస్ఎస్ఎన్ రానివారికి ఇచ్చే పన్ను సంఖ్య) ఆధారం. ఐటిన్‌తో ఐఆర్ఏ తెరవడానికి చట్టపరంగా అడ్డు లేదు, అయినా కొన్ని సంస్థలు ఆన్‌లైనులో ఒప్పుకోక కాగితపు దరఖాస్తు అడుగుతాయి, కొన్ని అసలు తీసుకోవు. ఒకచోట కాదంటే మరోచోట అడగాలి. అంతకంటే ముఖ్యమైనది సమయం. మొదటిసారి ఐటిన్ కోసం ఫారం డబ్ల్యూ-7ను సాధారణంగా పన్ను రిటర్నుకు జతచేసి పంపాలి. సంఖ్య చేతికి రావడానికి వారాలు పడుతుంది. గడిచిన సంవత్సరానికి ఐఆర్ఏలో జమ చేయడానికి గడువు ఏప్రిల్ 15. రిటర్నుకు పొడిగింపు తీసుకున్నా ఈ గడువు పెరగదు. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలో రిటర్ను, డబ్ల్యూ-7 కలిపి పంపేవారికి ఐటిన్ వచ్చేసరికి ఆ ఏడాది అవకాశం దాటిపోతుంది. డబ్ల్యూ-2 అందగానే, ఫిబ్రవరిలోనే పంపితే ఆ ఏడాదిని కాపాడుకునే అవకాశం ఉంటుంది. వరుసగా మూడేళ్లపాటు ఏ రిటర్నులోనూ వాడని ఐటిన్ గడువు తీరిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

జనవరి నుంచి ఏప్రిల్ 15 మధ్య సొమ్ము వేసేటప్పుడు ఏ సంవత్సరానికి అని బ్రోకరేజీ అడుగుతుంది. అక్కడ తొందరపడి తప్పు సంవత్సరం నొక్కితే తరువాత ఫోన్లు చేసి సరిచేయించుకోవాల్సి వస్తుంది. సొమ్ము ఖాతాలో పడ్డాక అది దానంతటదే పెట్టుబడి కాదు. చాలామంది జమ చేసి వదిలేస్తారు, అది ఏళ్ల తరబడి నగదుగానే పడి ఉంటుంది. జమ అయిన వారంలోపే ఏదో ఒక ఫండు కొన్నామా లేదా చూసుకోవాలి.

మినహాయింపు లెక్క

ఇక్కడ ముందు చూడవలసింది ఆదాయం కాదు, డబ్ల్యూ-2లోని 13వ గడి. అందులో 'రిటైర్మెంట్ ప్లాన్' అన్న చోట గుర్తు ఉంటే ఆ వ్యక్తి ఉద్యోగ సంస్థ పథకంలో ఉన్నట్టు లెక్క. ఏడాదిలో ఒక్క జీతపు చెక్కులోంచి 401(కె)కు కొంత పోయినా ఆ ఏడాది మొత్తానికీ ఆ గుర్తు వర్తిస్తుంది. పథకం అందుబాటులో ఉన్నా తానూ వేయక, సంస్థా వేయకపోతే 401(కె) విషయంలో గుర్తు పడదు.

ఇద్దరిలో ఎవరికీ ఉద్యోగ పథకం లేకపోతే, ఆదాయం ఎంతైనా ఇద్దరి సాంప్రదాయ ఐఆర్ఏలకూ పూర్తి మినహాయింపు ఉంటుంది. 401(కె) ఇవ్వని చిన్న కన్సల్టింగు సంస్థల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు. పథకం లేదన్న లోటును చూస్తారు గానీ, దానివల్ల 2026లో ఇద్దరికీ కలిపి 15,000 డాలర్లు ఆదాయంలోంచి తీసివేసుకునే వీలుందని గమనించరు.

భర్తకు పథకం ఉండి భార్యకు లేకపోతే ఇద్దరికీ వేర్వేరు ఆదాయపు గీతలు (హద్దులు) ఉంటాయి. ఈ గీతలకు చూసే ఆదాయాన్ని సవరించిన ఏజీఐ అంటారు. ఇద్దరి ఆదాయమూ కలిపి, 401(కె), హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) వంటివి పోగా, ఐఆర్ఏ మినహాయింపు తీయకముందు ఉండే మొత్తం అని స్థూలంగా అనుకోవచ్చు. 2026లో పథకం ఉన్న భర్త ఐఆర్ఏకు పూర్తి మినహాయింపు 1,29,000 డాలర్ల వరకే. అక్కడి నుంచి తగ్గుతూ 1,49,000 దగ్గర సున్నా అవుతుంది. పథకం లేని భార్య ఐఆర్ఏకు మాత్రం 2,42,000 వరకు పూర్తిగా ఉండి, 2,52,000 దగ్గర సున్నా అవుతుంది. 2025 సంవత్సరానికి భర్త గీతలు 1,26,000, 1,46,000. భార్య గీతలు 2,36,000, 2,46,000. ఈ రెండు జతల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం రాయడానికి కారణం. అమెరికాలో ఒక్క జీతంతో నడిచే తెలుగు ఐటీ కుటుంబాల్లో చాలా వాటి ఆదాయం సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది.

సంఖ్యలతో చూద్దాం. అన్నీ 2026వి, ఇద్దరూ 50 ఏళ్లలోపువారు. ఉమ్మడి సవరించిన ఏజీఐ 1,80,000 డాలర్లు, భర్తకు 401(కె) ఉంది, భార్యకు ఆదాయం లేదు. భర్త సాంప్రదాయ ఐఆర్ఏలో వేసినా మినహాయింపు లేదు. భార్య వేసిన 7,500 మొత్తానికీ మినహాయింపు ఉంది. 32,200 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ పోగా వాళ్ల పైఆదాయం 22 శాతం శ్లాబులో ఉంటుంది కాబట్టి ఫెడరల్ పన్నులో ఆదా 1,650 డాలర్లు. ఇలా పదేళ్లు వదులుకున్న ఇల్లు ఎంత పోగొట్టుకుందో లెక్క వేసుకోవచ్చు.

అదే ఆదాయం 1,40,000 అయితే భార్యకు పూర్తిగా 7,500 ఉంటుంది, భర్తకు పాక్షికంగా వస్తుంది. 1,49,000లోంచి 1,40,000 తీస్తే 9,000. దాన్ని 20,000తో భాగిస్తే 0.45, 7,500కు అది 3,375, పదికి పైకి సవరిస్తే 3,380. ఇద్దరికీ కలిపి 10,880 డాలర్ల మినహాయింపు. ఆదాయం 2,46,000 అయితే భార్య మినహాయింపు కూడా తగ్గడం మొదలవుతుంది. 2,52,000లోంచి 2,46,000 పోగా మిగిలే 6,000ను 10,000తో భాగిస్తే 0.6, అంటే 4,500 డాలర్లకే మినహాయింపు. మిగిలిన 3,000ను మినహాయింపు లేకుండా సాంప్రదాయ ఐఆర్ఏలో ఉంచే బదులు రాత్‌లో వేసుకోవడం మేలు. ఉమ్మడి రిటర్నులో రాత్‌కు ఉన్న ఆదాయపు గీతలూ 2026లో 2,42,000, 2,52,000 కావడం వల్ల ఈ ఆదాయంలో అది సాధ్యమే.

గీతకు కాస్త పైన ఉన్నవారు భర్త 401(కె)ను ఒకసారి చూసుకోవాలి. జీతం 2,65,000 ఉండి, మరే ఆదాయమూ లేక, 401(కె)లో ఏమీ వేయకపోతే భార్య ఐఆర్ఏకు మినహాయింపు ఉంటుందా అన్నది సంస్థ తన తరఫున జమలు ఏవైనా చేసిందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. చేసి ఉంటే భర్త పథకంలో ఉన్నట్టే కాబట్టి ఆ ఆదాయంలో భార్యకు ఏమీ రాదు. అదే భర్త పన్నుకు ముందు వేసే పద్ధతిలో 2026 పరిమితి అయిన 24,500 పూర్తిగా వేస్తే ఆదాయం 2,40,500కు దిగి, భార్యకు పూర్తి 7,500 మినహాయింపు వస్తుంది. 401(కె)లో రాత్ పద్ధతిలో వేస్తే ఈ తగ్గింపు ఉండదు.

మినహాయింపు రాసే చోటు ఫారం 1040కు జతచేసే షెడ్యూల్ 1. విడిగా రుజువు పంపనక్కరలేదు; బ్రోకరేజీ తరువాత ఫారం 5498 ద్వారా ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) తెలియజేస్తుంది. రిటర్ను ముందే వేసి, సొమ్ము ఏప్రిల్ 15లోగా జమ చేసినా చెల్లుతుంది, మరిచిపోకుండా వేస్తే. తక్కువ జీతం ఉన్న పోస్ట్‌డాక్ కుటుంబాల వంటివారికి మినహాయింపుతో పాటు సేవర్స్ క్రెడిట్ (పొదుపు చేసినందుకు కట్టాల్సిన పన్నులోంచే తగ్గించే మొత్తం) కూడా రావచ్చు. 2026లో ఉమ్మడి ఏజీఐ 80,500 డాలర్ల వరకు అది వర్తిస్తుంది, ఒక్కొక్కరి జమలో మొదటి 2,000 డాలర్లపై లెక్క కడతారు.

రాష్ట్ర పన్ను వేరు. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు కాబట్టి డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవారికి ఈ ప్రశ్న లేదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాలు ఐఆర్ఏ జమకు మినహాయింపు ఇవ్వవు. న్యూజెర్సీలోని ఎడిసన్ పరిసరాల్లో ఉన్న కుటుంబాలు ఫెడరల్ రిటర్నులో తీసుకున్నదాన్ని రాష్ట్ర రిటర్నులో తీసుకోలేవు. అందుకని ఏ సంవత్సరం ఎంత వేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. తీసేటప్పుడు ఇప్పటికే రాష్ట్ర పన్ను కట్టిన భాగంపై మళ్లీ కట్టకుండా ఉండాలంటే ఆ లెక్కే ఆధారం.

మినహాయింపు దొరకని ఆదాయంలో ఉన్నవారు

2,52,000 దాటి, భర్తకు పథకం ఉంటే భార్య సాంప్రదాయ ఐఆర్ఏకు మినహాయింపు లేదు, రాత్‌లో నేరుగా వేయడానికీ వీలు లేదు. అప్పుడు ఉన్న దారి మినహాయింపు అడగకుండా సాంప్రదాయ ఐఆర్ఏలో వేసి, తరువాత దాన్ని రాత్‌కు మార్చుకోవడం. ఈ మార్పిడికి ఆదాయపు పరిమితి లేదు. ఇందులో పన్ను పడుతుందా లేదా అన్నది ఆ వ్యక్తి పేరిట ఉన్న మిగతా సాంప్రదాయ ఐఆర్ఏ సొమ్ముపై ఆధారపడుతుంది.

ఉద్యోగాలు మారినప్పుడల్లా పాత 401(కె)ను రోల్‌ఓవర్ ఐఆర్ఏలోకి తెచ్చుకున్న భర్తకు డిసెంబరు 31న అందులో 67,500 డాలర్లు ఉన్నాయనుకుందాం. ఆ ఏడాది ఆయన 7,500 మినహాయింపు లేకుండా వేసి, అంతే మొత్తాన్ని రాత్‌కు మార్చాడు. మొత్తం 75,000లో పన్ను కట్టిన సొమ్ము పదోవంతే కాబట్టి మార్చిన 7,500లో 750 మాత్రమే పన్ను లేనిది. 6,750పై పన్ను కట్టాలి. భార్యకు ఈ సమస్య సాధారణంగా రాదు. భార్యాభర్తల ఐఆర్ఏలను ఈ లెక్కలో కలపరు. ఆమె పేరిట అంతకుముందు ఐఆర్ఏ ఏదీ లేకపోతే మార్పిడి దాదాపు పన్ను లేకుండా జరుగుతుంది. భర్త కూడా చేయాలనుకుంటే, ప్రస్తుత ఉద్యోగంలోని 401(కె) ఒప్పుకుంటే పాత రోల్‌ఓవర్ సొమ్మును ముందు అందులోకి పంపాలి.

మినహాయింపు లేకుండా వేసిన ప్రతి సంవత్సరమూ, పన్ను కట్టి వేసిన సొమ్ము లెక్క చూపే ఫారం 8606 వేయాలి, ఇద్దరూ వేసి ఉంటే ఎవరి ఫారం వారిది. దీన్ని వదిలేస్తే ఉన్న జరిమానా 50 డాలర్లే. అసలు నష్టం పన్ను కట్టిన సొమ్ముపైనే తీసేటప్పుడు మళ్లీ పన్ను కట్టాల్సి రావడం. అర్హత లేకుండా రాత్‌లో వేసినా, పరిమితి దాటి వేసినా, ఆ అదనం ఖాతాలో ఉన్నన్ని సంవత్సరాలూ ఏటా 6 శాతం పన్ను పడుతుంది. పొడిగింపుతో కలిపి రిటర్ను గడువులోగా ఆ అదనాన్ని, దానిపై వచ్చిన రాబడితో సహా తీసేసుకోవాలి, లేదా రాత్‌లో పొరపాటున వేసినదాన్ని సాంప్రదాయ ఐఆర్ఏగా మార్పించుకోవాలి. సాంప్రదాయం నుంచి రాత్‌కు చేసిన మార్పిడిని మాత్రం 2018 నుంచి వెనక్కి తీసుకోలేరు.

సాంప్రదాయమా, రాతా, తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఏమిటి

12 శాతం శ్లాబులో ఉన్న యువ దంపతులు అమెరికాలోనే స్థిరపడాలనుకుంటే ఇప్పుడు వచ్చే మినహాయింపు చిన్నది, భార్య పేరిట రాత్ మేలు. 22 శాతం, 24 శాతం శ్లాబుల్లో ఉన్నవారికి సాంప్రదాయ ఐఆర్ఏ మినహాయింపుకు విలువ ఉంటుంది. భారతదేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం గట్టిగా ఉన్నవారి విషయంలో నేను సాంప్రదాయం వైపే మొగ్గుతాను. అమెరికా, బ్రిటన్, కెనడాలలోని రిటైర్మెంట్ ఖాతాల రాబడిపై ఏటా కాకుండా, తీసినప్పుడే భారతదేశంలో పన్ను కట్టుకునే వీలు కల్పిస్తూ 2021లో అక్కడి ఆదాయపు పన్ను చట్టంలో 89ఎ సెక్షన్ చేర్చారు. తీసేటప్పుడు ఆ దేశంలో పన్ను పడే ఖాతాలకు వర్తించేలా దాన్ని రాశారు. తీసేటప్పుడు అమెరికాలో పన్నే పడని రాత్ ఆ నిర్వచనంలో ఇమడడం కష్టం.

భారతదేశంలో నివసిస్తూ సాంప్రదాయ ఐఆర్ఏ నుంచి తీసేవారికి, నాన్‌రెసిడెంటుగా మామూలుగా 30 శాతం అమెరికాలో పట్టుకుంటారు. రెండు దేశాల పన్ను ఒప్పందంలోని పింఛను నిబంధన ప్రకారం తగ్గింపు అడగాలంటే బ్రోకరేజీకి ఫారం డబ్ల్యూ-8బెన్ ఇవ్వాలి. 59½ ఏళ్లలోపు తీస్తే, చట్టం చెప్పిన కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, 10 శాతం అదనపు పన్ను ఉంటుంది. రాత్‌లో మాత్రం తాము నేరుగా జమ చేసిన అసలును ఎప్పుడు తీసుకున్నా అమెరికాలో పన్ను గానీ, ఈ అదనపు పన్ను గానీ ఉండవు.

సోషల్ సెక్యూరిటీ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అందులో సొంత పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. పని అనుమతి లేని హెచ్-4 భార్యకు ఒక్క క్రెడిటూ జమ కాదు. భర్త కూడా పదేళ్లు నిండకుండా తిరిగి వెళ్లిపోతే అతనికీ రాదు, అతని ఆధారంగా ఆమెకూ రాదు. రెండు దేశాల మధ్య ఆ సంవత్సరాలను కలిపి లెక్కించే ఒప్పందం లేదు. అలాంటప్పుడు ఆ పదేళ్ల ఇంటి పనికి ఆమె పేరిట మిగిలేది ఈ ఐఆర్ఏనే.

అందువల్ల ఆ ఖాతాలో నామినీ పేరు కూడా ఆమే స్వయంగా రాయాలి. 401(కె)లో చాలావరకు జీవిత భాగస్వామికే ముందు హక్కు ఉండేలా ఫెడరల్ చట్టం చూస్తుంది, ఐఆర్ఏకు ఆ రక్షణ లేదు. పేరు రాయకపోతే సొమ్ము ఎవరికి వెళ్లాలో ఆ సంస్థ నిబంధనలను బట్టి తేలుతుంది, కొన్నిచోట్ల అది కోర్టు ద్వారా ఎస్టేటుకు చేరాల్సి వస్తుంది. భర్త పేరు రాస్తే, ఆమె తరువాత ఆ ఖాతాను ఆయన తన ఐఆర్ఏగా మార్చుకోవచ్చు. రెండో నామినీగా పిల్లల పేర్లు రాసేటప్పుడు వాళ్లు మైనర్లయితే ఆ సొమ్మును ఎవరు చూసుకోవాలో కూడా వీలునామాలో రాసి ఉంచాలి. విడాకులైతే, కోర్టు ఉత్తర్వు ప్రకారం ఒకరి ఐఆర్ఏ నుంచి మరొకరి ఐఆర్ఏకు నేరుగా జరిగే బదిలీకి పన్ను ఉండదు. అదే సొమ్మును ముందు బయటికి తీసి చేతికిస్తే తీసిన వ్యక్తికే పన్ను పడుతుంది.